గద్దకి ఎడమ పక్క

మూడో అంతస్తు, కిటికీ గది

కోడి బావా,

ఈ వంకర రాత చూసి ఎవరో ఆకతాయి రాశాడనుకోకు. రాసింది నేనే. ఫోనులో మాట్లాడితే కాసేపటికే తల దిమ్మెక్కుతోంది. చేత్తో రాయడం అలవాటు చేసుకోమంది థెరపిస్టు. "ఎవరికి రాయను?" అన్నాను. "మీ మాట ఓపిగ్గా వినేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి" అంది. నాకున్నది ఒకడే. వాడు వినేవాడు కూడా కాదు, చేతులూపేవాడు.

జరిగింది మీ చెల్లెమ్మ నీకు ముక్కలు ముక్కలుగా చెప్పే ఉంటుంది. వాన మొదలైందని మేడ మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లాను. చేతుల నిండా బట్టలు, కాళ్ల కింద తడి మెట్లు. అంతే. క్రేను నిచ్చెన రోజూ ఎక్కి దిగినవాణ్ణి, సొంతింటి మెట్ల మీద జారిపడ్డాను. తల కుడి పక్క తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారట. ఆ వారాలేవీ నాకు గుర్తులేవు, గుర్తులేనందుకు బాధా లేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. నడుస్తున్నాను, తింటున్నాను, మీ చెల్లెమ్మతో పోట్లాడుతున్నాను కూడా. అయినా పనిలోకి రానివ్వడం లేదు. ముందు పరీక్షలట. చిన్నపిల్లల బడిలో లాగా ముందు కాగితాలు పెడతారు. కాగితం నిండా గీతలుంటాయి, అన్నిటినీ కొట్టేయాలి. గడియారం బొమ్మ గీయాలి. నేను గీసిన గడియారంలో అంకెలన్నీ కుడి పక్కకే వచ్చి ఇరుక్కున్నాయి, సీటు కోసం తోసుకునే జనంలాగా. దీన్ని "ఎడమ వైపు అశ్రద్ధ" అంటారట. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో నా హుక్కు కింద ఒక్క మనిషి వేలు కూడా నలగలేదు, నాకా అశ్రద్ధ? "అది జబ్బు పేరండీ, మిమ్మల్ని అనడం కాదు" అంది థెరపిస్టు. కళ్లలో లోపం లేదట. ఎడమ పక్క అనేది ఒకటుందని మెదడే పట్టించుకోవడం మానేసిందట. పేరు పెట్టినవాడికి వేరే మాట దొరకలేదా అని అడిగాను. ఆమె నవ్వింది, కానీ కాగితం మీద ఏదో రాసుకుంది.

ఈ కిటికీలోంచి ఇళ్ల కప్పుల మీదుగా మన క్రేను చెయ్యి కనిపిస్తుంది. కొస మాత్రమే. అది ఊగే తీరు చూసి చెప్పగలను, లోపల కూర్చున్నవాడు దాన్ని ఎద్దుబండిలా తోలుతున్నాడని. రోజంతా నా పని అదే, వాణ్ణి తిట్టుకోవడం.

కాగితాల పరీక్షలు గట్టెక్కితే చివరికి రేవులోనే ఒక పరీక్ష పెడతారు. నిజం క్రేను, నిజం లోడు. కంపెనీ డాక్టరు, సేఫ్టీ ఆఫీసరు, థెరపిస్టు కింద నిలబడి చూస్తారు. కింద నుంచి సైగలు చేయడానికి నాకు నచ్చినవాణ్ణి పిలుచుకోవచ్చన్నారు. నువ్వు కొత్త రేవుకి వెళ్లి గురువుగారివై కూర్చున్నావని తెలుసు. ఒక్క రోజు రా బావా. నీ చేతులుంటే చాలు.

నీ గద్ద


కొత్త రేవు, శిక్షణ షెడ్డు

గద్ద బావా,

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాను. "ప్రేమలేఖలా జేబులో పెట్టుకు తిరుగుతున్నారు, ఎవరు రాశారేమిటి" అంది మీ అక్కయ్య. చూపించాక నవ్వు మానేసి నీ రాతకేసి చాలాసేపు చూసింది.

ఇక్కడ నా గురువుగిరీ ఎలా ఉందంటావా. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఫోను మీద ఆడే బొటనవేలు తప్ప చేతిలో ఇంకేదీ కదలదు. నెమ్మదిగా దించమనే సైగ చేయమంటే ఈగను తోలినట్టు చేస్తారు. వాళ్లకి మన కథలు చెబుతుంటాను. గద్దా కోడీ స్నేహం చేయడం ఎక్కడైనా ఉందా అని లారీ డ్రైవర్లు నవ్వేవారు కదా, ఆ సంగతి చెబుతాను. నువ్వు పైన అద్దాల గదిలో, నేను కింద దుమ్ములో. అరిచినా వినపడని దూరం. నీ ముఖం నాకెప్పుడూ కనిపించేది కాదు. లోడు ఊగే తీరు చూసి ఇవాళ నీకు కోపంగా ఉందనో, ఇంట్లో గొడవయిందనో తెలుసుకునేవాణ్ణి. ఒకసారి ఇనుప కడ్డీల కట్టని నువ్వు మరీ మెత్తగా దించితే, సాయంత్రం "ఏమైంది?" అని అడిగాను. ఆ పొద్దునే మీ నాన్నగారు మంచాన పడ్డారని కబురొచ్చిందన్నావు, గుర్తుందా.

ఇక అసలు మాటకి వస్తాను. చెల్లెమ్మ మీ అక్కయ్యకి ఫోను చేసింది. నువ్వు కంచంలో సగం అన్నం అలాగే వదిలేసి ఇంకాస్త పెట్టమంటున్నావట. ఆమె ఏమీ అనకుండా కంచం అటు తిప్పి పెడుతోందట, నువ్వు మిగతా సగం తింటున్నావట. రోడ్డు మీద ఎవరికో బండితో దెబ్బ తగిలిందని కూడా చెప్పింది. ఇవేవీ నువ్వు రాయలేదు. గడియారం మీద జోకులు వేశావు.

నేను వస్తాను. అందులో సందేహం లేదు. నువ్వు పైన ఉండి పిలిస్తే నేను ఎప్పుడు రాలేదు? కానీ అడగకుండా ఉండలేను. ఎడమ పక్క నీకు ఎంత తెలుస్తోంది? డాక్టరుకి చెప్పినట్టు కాదు, నాకు చెప్పు.

నీ కోడి


మూడో అంతస్తు, కిటికీ గది

కోడి బావా,

నీ చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు. కంచం సంగతి అమెరికా అధ్యక్షుడికి కూడా చెప్పి ఉంటుంది.

సరే, అడిగావు కాబట్టి చెబుతాను. సగం గడ్డం గీసుకుని బయటికొస్తే మీ చెల్లెమ్మ అద్దం ముందుకి లాక్కెళ్లింది. అద్దంలో కూడా నాకు బాగానే కనిపించింది, ఆమె చెంప మీద చెయ్యి పెట్టి గరుకు చూపించేదాకా. చొక్కాకి ఎడమ చెయ్యి తొడగకుండానే గుండీలు పెట్టుకున్నాను. ఆమె నవ్వితే నేనూ నవ్వాను. వంటింట్లోకి వెళ్లి ఆమె చాలాసేపు బయటికి రాలేదు.

రోడ్డు సంగతి అంటావా. మూల మీద కొట్టుకి రొట్టె కోసం వెళ్లాను. ఎడమ వైపు నుంచి స్కూటరు వచ్చిందట. నాకు రాలేదు బావా. రోడ్డు ఖాళీగా ఉంది, నేను అడుగు వేశాను, అంతలో బ్రేకు చప్పుడు, మనిషి కింద పడి ఉన్నాడు. మోచెయ్యి చీరుకుపోయింది. వాడు నన్ను తిట్టాడు, నేనూ వాణ్ణి తిట్టాను, ఎక్కడి నుంచి ఊడిపడ్డావురా అని. ఆ మర్నాటి నుంచి మీ చెల్లెమ్మ ఆఫీసుకి వెళ్తూ తలుపుకి బయట గడియ పెడుతోంది. ఏదైనా అయితే తీయడానికి పక్క వాటా ఆవిడకి చెప్పి పెట్టింది. "మీ మంచికే కదండీ" అంది. గడియ పడ్డాక చాలాసేపు ఆమె మెట్లు దిగిన చప్పుడు వినిపించలేదు. తలుపుకి అవతల నిలబడిపోయి ఉంటుంది. ఇవతల నేను.

నాకు ఊపిరాడటం లేదు. ఈ గదే చిన్నది, అందులో సగం నాకు లేదు. మంచానికి ఎడమ పక్క గోడకి ఒక క్యాలెండరు ఉందని నాకు నిన్న తెలిసింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఉందట. ఎవరో దొంగచాటుగా వచ్చి నా ఇల్లు సగం పట్టుకుపోయినట్టుంది. ఏం పోయిందో చెప్పమంటే చెప్పలేను, ఎందుకంటే పోయినట్టే నాకు తెలియదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీ, క్రేను కొస, కిటికీ. ఇలాగే ముసలివాణ్ణి అవుతానేమోనని భయమేస్తోంది. ఇదెవరికీ చెప్పలేదు.

థెరపిస్టు మంచి మనిషే. కాగితానికి ఎడమ అంచున ఎర్ర పట్టీ అంటించింది. "ఎర్రది కనిపించేదాకా తల తిప్పండి, అప్పుడే మొదలుపెట్టండి" అంటుంది. గుమ్మానికి ఎర్ర పట్టీ, అద్దానికి ఎర్ర పట్టీ, కంచం పక్కన ఎర్ర గుడ్డ. ఇల్లంతా పెళ్లివారిల్లులా ఉంది. పొద్దస్తమానం తల తిప్పుతూనే ఉన్నాను. కిందటి వారం కాగితాలన్నీ బాగా చేశాను. గడియారం కూడా గుండ్రంగా వచ్చింది. ఆమె కళ్లలో ఆనందం చూడాల్సింది.

"ప్రశాంతంగా గదిలో కూర్చుని చేయడం వేరు, పనిలో చేయడం వేరు" అని మాత్రం అంటూనే ఉంటుంది. ఆ అద్దాల గది ఆమెకేం తెలుసు. అక్కడికి వెళ్తే నాకన్నీ వాటంతటవే వస్తాయి. పరీక్ష తేదీ వచ్చింది, వేరే కాగితం మీద రాసి పెడుతున్నాను. నన్ను ఇందులోంచి బయటపడెయ్యి బావా. ఇంకేమీ అడగను.

గద్ద


మూడో అంతస్తు, కిటికీ గది

కోడి బావా,

నువ్వు బస్సెక్కి ఇంకా ఇంటికి చేరి ఉండవు, నేను అప్పుడే రాయడం మొదలుపెట్టాను. చెయ్యి ఆగడం లేదు.

నిచ్చెన మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. పైకెళ్లి ఆ సీట్లో కూర్చోగానే వీపు తన చోటు తను వెతుక్కుంది. వాడెవడో సీటు వెనక్కి జరిపి పాడు చేశాడు. లీవర్ల మీద చేతులు పెట్టాను. అద్దంలోంచి కిందికి చూస్తే నువ్వు, అదే పసుపు చొక్కా, అదే పొట్ట.

ఇసుక మూటల కట్ట ఎత్తమన్నారు. ఎత్తాను. మనుషుల బదులు అక్కడక్కడా పీపాలు నిలబెట్టి, వాటిని తాకకుండా అవతలికి దాటించమన్నారు. దాటించాను. ఆఖరిది రెండు కంటైనర్ల మధ్య సందులో దించాలి. గాలి కొంచెం ఉంది కూడా. నీ చెయ్యి నెమ్మదిగా కిందికి వచ్చింది, నా లోడు నెమ్మదిగా కిందికి వచ్చింది. పక్షి గుడ్డు పెట్టినట్టు నేలని తాకింది. నీ చేతులు తప్ప నాకింకేమీ కనిపించలేదు, కనిపించాల్సిన అవసరమూ రాలేదు.

దిగివచ్చాక సేఫ్టీ ఆఫీసరు చెయ్యి కలిపాడు. కంపెనీ డాక్టరు "పాత చెయ్యి పాత చెయ్యే" అన్నాడు. థెరపిస్టు మాత్రం తన కాగితాలు మళ్లీ ఒకసారి తిరగేసి "చాలా సంతోషం" అంది. కాగితం పది రోజుల్లో వస్తుందట. వచ్చే నెల మొదట్లో పనిలో చేరడం.

నిన్న ఇక్కడి దాకా రాసి పడుకున్నాను. ఇవాళ పొద్దున మీ చెల్లెమ్మ గడియ పెట్టకుండా ఆఫీసుకి వెళ్లింది. నేను వెళ్లి తలుపు తీసి, మళ్లీ మూసి, మళ్లీ తీశాను. ఎక్కడికీ వెళ్లలేదు. తలుపు తీయడం కోసమే తీశాను.

నువ్వు బస్సు దగ్గర ఎందుకు అంత మౌనంగా ఉన్నావు? అలసిపోయావనుకున్నాను. అక్కయ్యని అడిగానని చెప్పు.

నీ గద్ద


కొత్త రేవు, శిక్షణ షెడ్డు

గద్ద బావా,

ఈ ఉత్తరం రాయడం నాలుగైదు సార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆలస్యానికి కోప్పడకు. కోప్పడటానికి ఇంకా పెద్దది ఉంది.

సైగలు చేసేవాడు నిలబడటానికి నేల మీద పసుపు గుండ్రం గీసి ఉంటుంది, నీకు తెలుసు. పరీక్ష రోజు ఆ గుండ్రం నీకు ఎడమ పక్క ఉంది. థెరపిస్టు కావాలనే అక్కడ గీయించింది. నేను అక్కడే నిలబడి మొదలుపెట్టాను. మొదటిసారి చెయ్యి ఎత్తాను, నీ లోడు కదల్లేదు. మళ్లీ ఎత్తాను. కదల్లేదు. అప్పుడు నా కాళ్లు వాటంతటవే నడిచాయి. నీ ముందు నుంచి కుడి పక్కకి వచ్చాను. చెయ్యి ఎత్తాను, వెంటనే లోడు లేచింది. ఇక ఆ రోజంతా నేను కుడి పక్కే ఉన్నాను. గుండ్రం వదలకూడదన్నది రూలే అయినా పాత కాపులు లోడు వెంట నడవడం మామూలే, పైగా అందరి కళ్లూ లోడు మీదే, ఎవరికీ అనుమానం రాలేదు.

ఎడమ పక్క పీపా దగ్గరికి నీ లోడు వెళ్తోంది. నువ్వు ఆపలేదు. అది తాకకముందే నేను కుడికి తిప్పమని చెయ్యి చూపించాను. నువ్వు తిప్పావు, అందంగా తిప్పావు. పీపా ఉందని నీకు తెలుసా? నాకు తెలిసినంత వరకు తెలియదు. నీ చూపు ఎక్కడ పోతుందో నా ఒంటికి తెలుసు, ఇన్నేళ్లుగా అదే నా పని. నువ్వు చూడనిదంతా నేను చూసి నీ చేతికిచ్చాను. ఆ పరీక్ష పాసయింది నువ్వు కాదు బావా, మనిద్దరం.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు తెలియదు. కావాలని చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. బస్సు ఎక్కేముందు ఏదో తప్పు చేసినట్టు అనిపించింది, అది ఏమిటో తెలియలేదు. మర్నాడు షెడ్డులో కుర్రాళ్లకి పాఠం చెబుతూ, "సైగవాడు తన గుండ్రం వదిలి కదలకూడదు" అన్నాను. అన్నవాణ్ణి అక్కడే ఆగిపోయాను. మిగతా పాఠం రేపు చెబుతానని పంపించేశాను.

వచ్చే నెల నువ్వు ఎక్కుతావు. కింద నేనుండను. నీ ఒంటి సంగతి తెలియని వాడెవడో ఆ గుండ్రంలో నిలబడతాడు. నీ ఎడమ పక్క పీపాలు ఉండవు, తాళ్లు విప్పేవాళ్లు ఉంటారు.

చెబితే నిన్ను మళ్లీ ఆ గదిలో పెట్టి గడియ వేసినవాణ్ణి నేనే అవుతాను. చెప్పకపోతే నాకు అన్నం సహించదు. ఎటు తిరిగినా గోడే. నువ్వే ఆమెకి చెబితే మంచిది. నువ్వు చెప్పకపోతే కాగితం వచ్చేలోపు నేను చెబుతాను. నీ వెనక చెప్పడం ఇష్టం లేక ముందు నీకు రాస్తున్నాను.

నీ కోడి


మూడో అంతస్తు

నువ్వు కుడి పక్కకి రావడం నేను చూశాను. చూసి, దేవుడిలాంటివాడు దొరికాడు నాకు అనుకున్నాను. నువ్వు కావాలని చేశావనే అనుకున్నాను. ఇన్నాళ్లూ మాటల్లేకుండా అర్థం చేసుకున్నవాడివి, ఇప్పుడు మాత్రం అర్థం కాలేదని ఎలా నమ్మను?

నీకు అన్నం సహించదట. ఒక వారం వచ్చి ఈ గదిలో ఉండు. పొద్దున గడియ పడే చప్పుడు విను. కూరగాయలవాడు కింద అరిస్తే కిటికీలోంచి చూసి సంతోషించు. భార్య నీ కంచం తిప్పుతుంటే చూడనట్టు నటించు. ఆ తరవాత నాకు న్యాయం చెప్పు.

క్రేను కింద నువ్వు ఉండకపోతే ఇంకెవడైనా ఉంటాడు, వాడికి నేను అలవాటు పడతాను. ఎర్ర పట్టీ అద్దానికి అంటించుకుంటాను. మెడ విరిగేలా తల తిప్పుతాను. నేను చేయగలను. చేయగలనో లేదో తెలుసుకునే అవకాశం కూడా నాకు లేకుండా చేయాలని చూస్తున్నావు.

చెప్పాలనుకుంటే చెప్పుకో. నాకు మాత్రం ఇక రాయకు.


కొత్త రేవు, శిక్షణ షెడ్డు

గద్ద బావా,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి రాసి ఊరుకుంటాను.

థెరపిస్టుకి ఫోను చేశాను. చెప్పాను. నన్ను ఏమైనా అంటుందేమోనని కాచుకుని కూర్చున్నాను, అనలేదు. నీకు తెలిసిన మనిషిని కింద నిలబెట్టడానికి ఒప్పుకోవడం తన పొరపాటంది. ఆ రోజే తనకి ఏదో తేడాగా అనిపించిందట, అదేమిటో పట్టుకోలేకపోయిందట. కాగితం ఆపించింది. నీకు మళ్లీ పరీక్ష పెట్టిస్తానంది, ఈసారి నీకు ముఖపరిచయం లేని సైగమనిషితో. నువ్వు చేయగలవో లేదో తెలుసుకునే అవకాశం అంటే ఇదేననుకుంటాను.

ఎత్తమని, దించమని చెప్పే హక్కు కింద ఒక్కడికే ఉంటుంది. ఆపమని చెప్పే హక్కు మాత్రం ఎవరికైనా ఉంటుంది, దారిన పోయే టీ కుర్రాడికైనా సరే. ఇన్నేళ్లలో నీకు నేను ఆపమని చెయ్యి చూపించినప్పుడల్లా ఎందుకని అడగకుండా ఆపావు. ఈసారి అడిగావు, తిట్టావు. అది న్యాయమే. అయినా నా చెయ్యి దించలేదు.

నువ్వు ఆ పరీక్ష గెలవాలని కోరుకుంటున్నాను. ఇది నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

కోడి


మూడో అంతస్తు, కిటికీ గది

కోడి బావా,

రాయొద్దన్నది నేను, మళ్లీ రాస్తున్నదీ నేనే. సిగ్గు లేదనుకో.

పరీక్ష మొన్న అయింది. ఇంకెవరైనా చెప్పేలోపు నేనే చెప్పాలని కూర్చున్నాను.

కింద నిలబడ్డది ఒక అమ్మాయి. పక్క రేవు నుంచి పిలిపించారట. చిన్నదే, కానీ చేతులు గట్టివి, ఒక్క సైగ వృథా పోదు. నీకు నచ్చుతుంది. గుండ్రంలో పాతుకుపోయినట్టు నిలబడింది, అడుగు కదల్లేదు. నేను అద్దానికి ఎడమ అంచున ఎర్ర పట్టీ అంటించుకున్నాను. మొదటిసారి ఎర్రది కనిపించేదాకా తల తిప్పాను, అమ్మాయి కనిపించింది. లోడు ఎత్తాను, పీపాలు దాటించాను, దించాను. ఏ తప్పూ లేదు. పైన ఒక్కణ్ణే కూర్చుని నిన్ను తిట్టుకున్నాను, చూశావా అని.

రెండోసారి గాలి వచ్చింది. లోడు ఊగడం మొదలైంది. ఊపు ఆపడానికి నా మనసంతా లోడు మీదికి పోయింది. థెరపిస్టు ఇన్నాళ్లూ చెప్పింది అదే, పని మీద పడితే పట్టీ మరిచిపోతారని. మరిచిపోలేదు బావా. మరిచిపోవడానికి పట్టీ అనేది ఒకటి ఉండాలి కదా. అది లేదు, ఆ పక్క లేదు, ఆ అమ్మాయి లేదు. నాకు లోకం నిండుగా, సరిగ్గా ఉంది. ఎక్కడా ఖాళీ కనిపించలేదు. నేను చాలా బాగా తోలుతున్నాననుకున్నాను.

అంతలో డొల్ల చప్పుడు వినిపించింది.

తరవాత చెప్పారు, ఆ అమ్మాయి రెండు చేతులూ చాపి ఆపమందట. సేఫ్టీ ఆఫీసరు చేతులెత్తాడట. డాక్టరు, థెరపిస్టు ఎత్తారట, గేటు దగ్గర కాపలావాడు కూడా పరిగెత్తుకొచ్చి చేతులెత్తాడట. అంతమంది నా ఎడమ పక్క నిలబడి ఆపు ఆపు అంటుంటే నేను వాళ్ల మధ్యలోకి లోడు తోలుకెళ్లాను.

నిచ్చెన దిగి అక్కడికి వెళ్లాను. పీపా పక్కకి పడి దొర్లి, గోడకి తగిలి ఆగింది. ఎవరో సరదాకి దానికి పసుపు చొక్కా తొడిగి, పైన హెల్మెట్ పెట్టారు. హెల్మెట్ విడిగా పడి ఉంది. పీపాకి నీ పొట్టంత సొట్ట. నేను దాన్ని లేపి నిలబెట్టాను, చొక్కా దుమ్ము దులిపి సరిచేశాను, హెల్మెట్ తెచ్చి పెట్టాను. ఆ అమ్మాయి ఏడుస్తోంది, తనేదో తప్పు చేసినట్టు. "నీ తప్పేమీ లేదమ్మా, నీ సైగలు బాగున్నాయి" అన్నాను. సేఫ్టీ ఆఫీసరు నెల తరవాత ఇంకోసారి చూద్దామన్నాడు, పాత మొహమాటంతో. నేనే వద్దన్నాను. కాగితం మీద తగడు అని రాసేయమన్నాను. ఆ మాట నా నోటితో అనడానికి ఎంత సేపు పట్టిందో ఆ పీపాకే తెలుసు.

ఇక ఆ సీట్లో కూర్చోను. నాకు ఆ పని తప్ప ఇంకేదీ రాదు. థెరపిస్టు ఇంకేదైనా పని వెతుకుదామంటోంది, సామాను గది అంటోంది, నీ షెడ్డులాంటిదేదో అంటోంది. ఇప్పుడు అవేవీ వినబుద్ధి కావడం లేదు. ఆ సంగతి ఆమెకి కూడా చెప్పాను. తొందరేం లేదంది.

ఆ రాత్రి మీ చెల్లెమ్మ నా పక్కనే కూర్చుంది. పొద్దున ఆఫీసుకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగిపోయింది, గడియ పెట్టాలో వద్దో తేల్చుకోలేక. "పెట్టు" అన్నాను. ఇన్నాళ్లూ తనే పెట్టింది, ఈసారి నేను పెట్టమన్నాను. గది అదే, గడియ అదే. తేలికేమీ కాలేదు. కానీ అవతల నిలబడిపోకుండా మెట్లు దిగి వెళ్లింది.

నీ మీద కోపం పోలేదు. పోతుందని మాట ఇవ్వను. క్రేను కొస ఇప్పుడు కూడా కిటికీలో కదులుతోంది, వాడు ఇవాళ కొంచెం మెరుగ్గా తోలుతున్నాడు, అది చూసినా కోపమే. కానీ ఆ పసుపు చొక్కా నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అందులో నువ్వుండేవాడివేమో, ఆ అమ్మాయి ఉండేదేమో, ఇంకెవరో ఉండేవారేమో.

వీలు చూసుకుని రా. వచ్చాక నాకు కనిపించేలా కుడి పక్కకి వచ్చి కూర్చోకు, అది నీ కాళ్లకి అలవాటు, నాకు తెలుసు. ఎడమ పక్క కుర్చీ వేయిస్తాను. అందులో కూర్చో. దగ్గకు, పిలవకు, చెయ్యి ఊపకు. ఎంతసేపైనా సరే, నేనే నీ వైపు తిరిగేదాకా కదలకు.

గద్ద